వెనక డిస్కులున్న పాత కారులో హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదా? నట్టు బిగించాలా, కేబుల్ మార్చాలా, కాలిపర్ మార్చాలా?

చెన్నైలో పాత ఆక్టావియానో, సివిక్‌నో, సీఆర్‌వీనో ఇంకా ఇష్టంగా నడుపుకుంటున్నవాళ్ళకు హ్యాండ్‌బ్రేక్ పట్టు తగ్గిన సంగతి ఊళ్ళో తిరుగుతున్నంతకాలం తెలియదు. ఊరంతా చదును. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మీద గేటు కోసం ఆగినప్పుడో, తిరుమల ఘాట్‌లో బండ్ల వరుస నిలిచిపోయినప్పుడో కారు మెల్లగా వెనక్కి జారుతుంది. అప్పుడు షెడ్డుకి తీసుకెళ్తారు. అక్కడ మామూలుగా జరిగేది ఒకటే. లెవర్ పక్కన కన్సోల్ మూత తీసి, కేబుల్ నట్టు నాలుగు చుట్లు బిగించి ఇచ్చేస్తారు. లెవర్ మూడు క్లిక్కులకే గట్టిపడుతుంది, బాగైపోయిందనిపిస్తుంది. కొన్ని వారాలకు మళ్ళీ మొదటికి వస్తుంది, ఈసారి ఇంకాస్త అధ్వాన్నంగా.

వెనక డిస్కులున్న కారులో ఆ నట్టు చిట్టచివర ముట్టుకోవలసింది. ముందే బిగిస్తే అసలు జబ్బు కనపడకుండా పోతుంది, చాలా కార్లలో ముదురుతుంది కూడా. ఎందుకో తెలియాలంటే ముందు మీ కారులో ఏ రకం హ్యాండ్‌బ్రేక్ ఉందో చూడాలి. ఈ రెండు రకాలకూ మందు వేరు.

మీ కారు ఏ రకం?

వెనక చక్రం దగ్గర వంగి, టార్చి వేసి హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఎక్కడికి వెళ్తోందో చూడండి. కేబుల్ నేరుగా కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) మీదున్న చిన్న ఇనుప మీటకు తగులుకుని ఉంటే మీది మొదటి రకం. ఆ మీటనే ఇక్కడ చేయి అంటున్నాను. అదే కాలిపర్, అవే ప్యాడ్లు కాలి బ్రేకుకీ హ్యాండ్‌బ్రేకుకీ పనిచేస్తాయి. స్కోడా ఆక్టావియా, లారా, ఫోక్స్‌వ్యాగన్ జెట్టా, వెనక డిస్కులున్న హోండా సివిక్, షెవ్రోలే క్రూజ్ ఈ కోవలోవి.

కేబుల్ కాలిపర్‌ని వదిలేసి డిస్కు వెనకున్న రేకులోకి దూరిపోతే రెండో రకం. డిస్కు మధ్యలో టోపీలా పొంగిన భాగం లోపల ఒక చిన్న డ్రమ్ము, అందులో దాన్ని లోపలినుంచి నొక్కి పట్టే రెండు షూలు ఉంటాయి. కాలి బ్రేకుకీ దీనికీ సంబంధం లేదు. పాత మెర్సిడెస్‌లు, బీఎండబ్ల్యూ ఈ46, మిత్సుబిషి పజేరో, 2003లో ఇక్కడికి వచ్చిన సీఆర్‌వీ ఈ తరహా. కొన్ని మెర్సిడెస్‌లలో చేతి లెవర్ బదులు ఎడమ కాలితో తొక్కే పెడల్ ఉంటుంది. చక్రం దగ్గరి పని మాత్రం అదే.

కాలిపర్ మీద మోటారు ఉండి బటన్‌తో నడిచే రకం ఇక్కడ చర్చలో లేదు. దాని ప్యాడ్లు మార్చాలన్నా మామూలుగా స్కానర్‌తో మోటారును వెనక్కి రప్పించాలి.

నట్టు బిగిస్తే ఎందుకు చెడుతుంది

మొదటి రకం కాలిపర్ లోపల, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ వెనక ఒక మర ఉంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలి బ్రేకు తొక్కినప్పుడల్లా ఆ మర కొద్దికొద్దిగా తిరిగి పిస్టన్‌ను ముందుకు జరిపి, ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య సందును తనే సరిచేసుకుంటుంది. అంటే ఈ కార్లలో హ్యాండ్‌బ్రేక్‌ను సర్దేది కేబుల్ కాదు, కాలి బ్రేకు.

ఈ ఏర్పాటు పనిచేయాలంటే ఒక షరతు ఉంది. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించినప్పుడు కాలిపర్ మీది చేయి వెనక్కి వచ్చి తన ఆపు మీద, అంటే అది ఇంకా వెనక్కి పోకుండా నిలిపే గట్టి బొడిపె మీద, ఆనాలి, లేదా దాదాపు ఆనేంత దగ్గరికి రావాలి. కేబుల్ అతిగా బిగిస్తే చేయి ఆపుకు రెండు మూడు మిల్లీమీటర్లు ముందే నిలిచిపోతుంది. మర సగం వేసినట్టే ఉండిపోయి సర్దుబాటు ఆగిపోతుంది. ప్యాడ్లు అరుగుతూనే ఉంటాయి, సందు పెరుగుతూనే ఉంటుంది, చేతికి మిగిలిన కదలిక మాత్రం తగ్గుతుంది. అందుకే కొన్ని వారాలకు లెవర్ మళ్ళీ పైకి వస్తుంది. మళ్ళీ బిగిస్తారు. చివరికి నట్టుకి మర మిగలదు, వెనక ప్యాడ్లు డిస్కును రాసుకుంటూ వేడెక్కుతాయి, కేబుల్ సాగిపోతుంది.

ఖర్చు పెట్టేముందు అరగంట పరీక్ష

చదునైన నేల మీద ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టండి. వెనక భాగం జాకీతో లేపి తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలపండి. వెనక చక్రాలను ఇంజిన్ తిప్పే కారైతే గేరు న్యూట్రల్‌లో ఉండాలి. లెవర్ పూర్తిగా దించి రెండు చక్రాలనూ చేత్తో తిప్పి చూడండి. సన్నగా రాసుకునే శబ్దం వస్తే ఫర్వాలేదు, బరువుగా తిరగకూడదు.

తర్వాత ఒకరు లెవర్‌ను ఒక్కో క్లిక్కే లాగుతుంటే మరొకరు చక్రాలు తిప్పి చూడాలి. ఏ క్లిక్కు దగ్గర పట్టు మొదలైంది, ఏ క్లిక్కుకి తిరగడం మానేసింది, రెండువైపులా ఒకేసారి మానేసిందా అన్నది కాగితం మీద రాసుకోండి. ఎన్ని క్లిక్కులకు పట్టాలో మీ కారు పుస్తకంలో ఉంటుంది, కంపెనీని బట్టి అది మారుతుంది. ముఖ్యమైనది రెండువైపులా సమానంగా పట్టడం, లెవర్ దించిన క్షణంలో రెండూ వదిలేయడం.

ఈ కాగితమే సగం రోగం చెప్తుంది. లెవర్ మెత్తగా పైదాకా వచ్చి రెండు చక్రాలూ ఆలస్యంగా పడితే సర్దుబాటు చెడింది, లేదా కేబుళ్ళు సాగాయి. లెవర్ తొందరగా గట్టిపడినా చక్రాలు తిరుగుతుంటే కేబుల్ తొడుగు లోపల తుప్పు పట్టి బలం దారిలోనే ఆగిపోతోంది, లేదా ప్యాడ్లు అద్దంలా నునుపెక్కాయి. ఒక్క చక్రమే పడితే పట్టని వైపు కేబులో కాలిపరో బిగుసుకుంది. లెవర్ దించాక ఒక చక్రం వదలకపోతే కూడా అదే అనుమానం.

ఇప్పుడు చక్రాలు తీసేసి అసలు పరీక్ష చేయండి. మొదటి రకం కార్లలో లెవర్ లాగి వదిలించి, కాలిపర్ మీది చేయి ఆపుకు ఆనిందా చూడండి. ఆనలేదంటే కేబుల్ కొనను ఆ చేతి నుంచి తప్పించండి. తప్పించగానే చేయి టక్కున వెనక్కి వెళ్ళి ఆనిందా? అయితే కాలిపర్ బాగానే ఉంది. తప్పు కేబుల్‌ది, లేదా ఇంతకుముందు ఎవరో నట్టు అతిగా బిగించారు. కేబుల్ తీసేసినా చేయి అక్కడే నిలబడి, వేలితో నెడితేగానీ వెనక్కి వెళ్ళకపోతే కాలిపర్ లోపలి ఇరుసు తుప్పు పట్టింది. కొత్త కేబుళ్ళు వేసినా ఆ కారు బాగుపడదు. చేయడానికి ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష చేయకుండా కేబుల్ గానీ కాలిపర్ గానీ కొనకండి. ఎవరైనా కొనమంటే ముందు ఇది చూపించమని అడగండి.

సర్దుబాటు మాత్రమే సరిపోయేది ఎప్పుడు

చేతులు రెండూ ఆపుకు ఆనుతున్నాయి, కేబుళ్ళు జారుడుగా కదులుతున్నాయి, ప్యాడ్లకు మందం ఉంది, అయినా లెవర్ ఎత్తుగా వస్తోంది అంటే సర్దుబాటు చాలు. ఆక్టావియా తరహా కార్లలో వరుస ఇది. కన్సోల్ దగ్గరి నట్టును బాగా వదులు చేసి రెండు చేతులూ ఆపుల మీద ఆనేలా చూడాలి. ఇంజిన్ ఆపి, కాలి బ్రేకును గట్టిగా ఇరవై ముప్ఫై సార్లు తొక్కి వదలాలి. సందు మూసుకునేది ఇక్కడే, ఈ మెట్టు వదిలేస్తే మిగతాదంతా వృథా. తర్వాత హ్యాండ్‌బ్రేక్‌ను మూడుసార్లు పూర్తిగా లాగి దించాలి. ఇప్పుడు నట్టును బిగిస్తూ, కాలిపర్ చేయి ఆపు నుంచి అప్పుడే లేస్తున్నట్టు కనిపించగానే ఆపేయాలి. చేతికీ ఆపుకీ మధ్య సందు ఒకటిన్నర మిల్లీమీటర్ లోపే ఉండాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకుల పనిముట్టు) పెట్టి రెండువైపులా కొలవండి, కంటి అంచనా నమ్మకండి.

హోండా కార్లలో కొలత వేరు. లెవర్‌ను ఒక్క క్లిక్కు లాగి, వెనక చక్రాలు సన్నగా పట్టుకునేదాకా నట్టు బిగించి, లెవర్ దించి చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయా చూడాలి. తిరగకపోతే నట్టు వదులు చేయాలి.

సివిక్ లాంటి జపాన్ కార్లలో ఇంకో చోటు తప్పకుండా చూడాలి. పిస్టన్ ముఖం మీద గాడులు ఉంటాయి, లోపలి ప్యాడ్ వెనక ఒక చిన్న బొడిపె ఉంటుంది. బొడిపె ఆ గాడిలో కూర్చోవాలి. ప్యాడ్లు మార్చినవాళ్ళు ఇది చూసుకోకపోతే ప్యాడ్ వంకరగా అరుగుతుంది, పైగా పిస్టన్‌ను తిరగకుండా పట్టుకునేది ఏదీ ఉండదు. మర తిరిగినప్పుడు పిస్టన్ కూడా దాంతోపాటే తిరిగిపోతుంది, ముందుకు జరగదు. "ప్యాడ్లు మార్చాకే హ్యాండ్‌బ్రేక్ పోయింది" అనే కారులో మొదట వెతకవలసింది ఇదే. సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

కేబుళ్ళు: తక్కువ ఖర్చు, చెన్నైలో ఎక్కువ అవసరం

బీసెంట్ నగర్, తిరువాన్మియూర్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పొడవునా ఉప్పుగాలిలో నిలబడే కార్లలో, 2015 డిసెంబరులోనూ 2023 డిసెంబరు మిగ్‌జాం తుఫానులోనూ మునిగిన వీధుల్లో నిలిచిన కార్లలో కేబుల్ తొడుగులు తొందరగా పోతాయి. కేబుల్ కారు కింద వంపు తిరిగే చోట, వెనక చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కడ్డీకి కట్టిన క్లిప్పు దగ్గర తొడుగు చీలుతుంది. నీళ్ళు దూరి లోపలి తీగ తుప్పు పడుతుంది. పైకి చక్కగా కనిపించే కేబుల్ లోపల బిగుసుకుని ఉండొచ్చు. కాబట్టి కొన తప్పించి చేత్తో లాగి చూడాలి. ఇసుక మీద లాగుతున్నట్టు గరగరమన్నా, లాగిన తీగ తిరిగి లోపలికి వెళ్ళకపోయినా అది మార్చవలసిందే.

తొడుగులోకి స్ప్రే నూనె కొట్టడం తాత్కాలికం. ఒకటి రెండు వారాలు బాగుంటుంది. ఆ నూనె లోపలున్న కాస్త గ్రీజునూ కడిగేస్తుంది, తర్వాత ముందుకన్నా తొందరగా బిగుసుకుంటుంది. ప్రయాణం రేపే ఉంటే కొట్టండి, అంతకుమించి దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

కేబుళ్ళు ఎప్పుడూ జతగా మార్చాలి. కొత్తది ఒకవైపు, సాగినది మరోవైపు ఉంటే కొత్త వైపే పట్టు ముందు వస్తుంది, ఒక చక్రమే కారును ఆపుతుంది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: ఒకే మోడల్‌లో వెనక డ్రమ్ములున్న వేరియంటుకీ డిస్కులున్న వేరియంటుకీ కేబుళ్ళు వేరుగా ఉంటాయి. పొడవూ కొన ఆకారమూ తేడా. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తీసుకోండి, పాత కేబుల్ తీసి పక్కన పెట్టి కొలవండి. బిగించేటప్పుడు ఎగ్జాస్ట్ వేడి తగలకుండా ఉండే రేకునూ ప్రతి క్లిప్పునూ పాత చోటే పెట్టాలి. చక్రాలు వేలాడుతున్నప్పుడు కేబుల్ బిగుసుకుపోకూడదు. కొత్త కేబుల్ కొద్ది రోజుల్లో కాస్త సాగుతుంది కాబట్టి వారం తర్వాత ఆపు సందు మళ్ళీ కొలవాలి.

ప్యాడ్లు, డిస్కులు

ఊళ్ళో మెల్లగా నడిచే కారులో వెనక బ్రేకులకు పని తక్కువ. బరువంతా ముందు బ్రేకులే మోస్తాయి. వెనక ప్యాడ్లు తేలిగ్గా రాసుకుంటూ నునుపెక్కిపోతాయి, వెనక డిస్కు లోపలి ముఖం తుప్పు పట్టి ప్యాడ్‌కు సన్నటి పట్టీ మాత్రమే తగులుతుంది. బయటి ముఖం మెరుస్తోందని మోసపోకండి. కారు కింద నుంచి లోపలి ముఖం చూడండి, హ్యాండ్‌బ్రేక్ ఎందుకు పట్టడం లేదో అక్కడ కనిపిస్తుంది.

తుప్పు పైపైన ఉంటే, ఖాళీ రోడ్డు మీద వెనక ఎవరూ లేనప్పుడు 60 వేగం నుంచి కాస్త గట్టిగా బ్రేకు వేసి 20కి తగ్గించడం కొన్నిసార్లు చేస్తే ముఖం శుభ్రపడుతుంది. మధ్యలో కాస్త దూరం నడిపి చల్లారనివ్వాలి. గుంటలు పడిన డిస్కుకు ఇది పనిచేయదు, మార్చాలి. పాత ఆక్టావియా వెనక డిస్కు కొత్తగా 9 మి.మీ. మందం, 7కి వస్తే తీసేయాలి. 10 మి.మీ. డిస్కున్న లారాలో పరిమితి 8. ఇంత సన్నని డిస్కును లేత్ మీద తిప్పించడం నేను ఒప్పుకోను. తుప్పు గుంటలు పోయేంత చెక్కితే మందం పరిమితి దాటిపోతుంది, ఆ కూలికి కాస్త కలిపితే కొత్తది వస్తుంది.

ప్యాడ్లు తీసినప్పుడే స్లయిడ్ పిన్నులు (కాలిపర్ వీటిమీదే అటూ ఇటూ జరుగుతుంది) తీసి చూడండి. పిన్ను బిగుసుకుంటే ఒకవైపు ప్యాడ్ మాత్రమే నొక్కుతుంది, ఒకటి బాగా అరిగి రెండోది కొత్తగా ఉంటుంది. పిన్నును శుభ్రంగా తుడిచి బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. మామూలు చక్రం గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, పిన్ను ఇంకా బిగుస్తుంది.

పిస్టన్ లోపలికి పంపే పద్ధతి మీదే కాలిపర్ ఆయుష్షు ఆధారపడి ఉంది. ఈ రకం పిస్టన్‌ను తిప్పుతూ నొక్కాలి, చాలా కార్లలో కుడివైపుకి తిప్పాలి. సీ-క్లాంపు (సీ ఆకారంలో ఉండి మరతో నొక్కే బిగింపు) పెట్టి తిన్నగా నెడితే లోపలి మర దెబ్బతింటుంది, ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్ ఎప్పటికీ సరిగ్గా సర్దుకోదు. తిప్పే పరికరం సెట్టు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతుంది. షెడ్డువాళ్ళ దగ్గర లేకపోతే మీరే కొని తీసుకెళ్ళండి.

కాలిపర్: నాలుగు దారులు

చేయి ఆపుకు రావడం లేదని తేలింది అనుకుందాం. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. చేయి ఇరుసు చుట్టూ ఉన్న రబ్బరు సీలు పోయి నీళ్ళు దూరాయి, ఇరుసు తుప్పు పట్టింది.

మొదటిది, నూనె పోసి వదిలించడం. తుప్పు వదిలించే నూనె ఇరుసు చుట్టూ వేసి, చేతిని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ రెండు మూడు రోజులు చేస్తే చాలావరకు వదులవుతుంది. నూనె ప్యాడ్ల మీద పడకూడదు, డిస్కు మీద గుడ్డ కప్పండి. సీలు పోయింది కాబట్టి నీళ్ళు మళ్ళీ దూరతాయి. వానాకాలం ముందు చేస్తే వానాకాలంలోనే మళ్ళీ బిగుస్తుంది. కాలిపర్ వచ్చేదాకా బండి నడపడానికి ఇది పనికొస్తుంది. చేతిని వెనక్కి లాగడానికి బయట అదనపు స్ప్రింగు కట్టడం కొందరు చేస్తారు. చేయి వెనక్కి వస్తుంది నిజమే, కానీ లోపలి తుప్పు అలాగే ఉంటుంది, కేబుల్ మీద అనవసర భారం పడుతుంది.

రెండోది, సీల్ కిట్టుతో విప్పి బాగుచేయడం. ఇరుసు మీద గుంటలు లేకుండా పైపైన తుప్పే ఉంటే ఇది మంచి దారి, ఖర్చు కూడా తక్కువ. అయితే లోపల గట్టి స్ప్రింగును నొక్కిపట్టి సర్‌క్లిప్పు (గాడిలో కూర్చునే ఉంగరం లాంటి క్లిప్పు) తీయాలి. దానికి తగిన పనిముట్టు, చేసి అలవాటైన చేయి రెండూ కావాలి. కిట్టు కొనేటప్పుడు పిస్టన్ సీలే కాకుండా చేయి ఇరుసు సీలు కూడా అందులో ఉందా చూడండి. చాలా కిట్టుల్లో అది ఉండదు, అది లేకపోతే ఈ పని చేసి లాభం లేదు.

మూడోది, వాడిన కాలిపర్. పుదుపేటలో విప్పిన బండ్ల భాగాలు దొరుకుతాయి. అక్కడ నిలబడే నాలుగు సంగతులు చూసుకోవాలి. చేయి లాగి వదిలితే స్ప్రింగు బలంతో తనే ఆపుకు రావాలి. పిస్టన్ పరికరంతో సాఫీగా తిరగాలి, దాని చుట్టూ రబ్బరు చిరిగి ఉండకూడదు. బ్రేకు ఫ్లూయిడ్‌లో చేరిన గాలిని బయటికి వదిలే నిపుల్ స్పానరుకు తిరగాలి, తుప్పుతో అతుక్కుపోయిన నిపుల్ కారుకి బిగించాక తిప్పితే విరుగుతుంది. కుడి ఎడమలు సరిచూడాలి, బండికి బిగించినప్పుడు నిపుల్ పైవైపు ఉండాలి. కిందకి వచ్చిందంటే అది అవతలి వైపుది, ఎంత తొక్కినా గాలి పోదు. ఇన్నీ చూసినా వాడిన కాలిపర్ సీళ్ళ వయసు మీ కారు సీళ్ళంతే. దాన్ని తెచ్చి కిట్టు వేసి బిగించేవాళ్ళకే నేను దీన్ని సిఫారసు చేస్తాను, నేరుగా బిగించేవాళ్ళకు కాదు.

నాలుగోది, కొత్త కాలిపర్. సముద్రానికి దగ్గర్లో ఉంటూ ఇంకో నాలుగైదేళ్ళు కారు ఉంచుకునేవాళ్ళకు నా ఓటు దీనికే. టీఆర్‌డబ్ల్యూ, ఏటీఈ లాంటి బ్రేకు తయారీదారుల పెట్టెల్లో దొరికితే షోరూం ధర పెట్టనక్కర్లేదు. జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో స్టాకు లేకపోయినా పార్ట్ నంబరు ఇస్తే తెప్పిస్తారు. రెండోవైపు చేయి ఆపుకు చక్కగా వస్తుంటే ఒక్క కాలిపరే మార్చినా తప్పులేదు. కేబుళ్ళలా దీన్ని జతగా మార్చాలనే నియమం లేదు.

కాలిపర్ మార్చే రోజు బ్రేక్ ఫ్లూయిడ్ కూడా తీసుకోండి. వెనక రెండు చక్రాల బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడానికి అర లీటరు డాట్ 4 రకం ఫ్లూయిడ్ చాలు. ఫ్లూయిడ్ మార్చి రెండేళ్ళు దాటితే ఒక లీటరు కొని మొత్తం మార్చేయడం మంచిది. గొట్టం బోల్టుకి రెండువైపులా ఉండే రాగి వాషర్లు కొత్తవి వేయాలి. గాలి తీసేదాకా కేబుల్ తగిలించకూడదు. పాత ఆక్టావియాకు కాలిపర్ పిన్ బోల్టుల బిగింపు (టార్క్) 35 న్యూటన్ మీటర్లు, అవి ప్రతిసారీ కొత్తవి వాడాలి. దాని వెనక బ్రాకెట్ బోల్టులు 65, చక్రం బోల్టులు 120.

డిస్కు లోపల డ్రమ్మున్న కార్లకు

ఇక్కడ లెక్క తలకిందులు. కాలి బ్రేకు దీన్ని సర్దదు. షూలను సర్దేది లోపలున్న పళ్ళచక్రం. నిలబడ్డ కారునే పట్టుకునే షూలు కాబట్టి అరుగుదల తక్కువ. వాటిని పాడుచేసేది తుప్పు, నీళ్ళు, వయసు. షూ మీద అతికించిన రాపిడి పొర, అంటే లైనింగ్, నునుపెక్కుతుంది, లేదా ఇనుప షూ నుంచి ఊడి లోపల ముక్కలవుతుంది. వెనక చక్రం దగ్గర గరగర శబ్దంతోపాటు హ్యాండ్‌బ్రేక్ పోయిందంటే నడపకుండా ముందు డిస్కు తీసి చూడండి, ఊడిన లైనింగ్ చక్రాన్ని బిగించేయగలదు. వెనక గట్టి యాక్సిల్ ఉన్న జీపు తరహా బండ్లలో యాక్సిల్ సీలు కారి షూల మీద నూనె పడుతుంది. నూనె తాగిన లైనింగ్‌ను పెట్రోలుతో కడిగినా, ఎమెరీ పట్టినా మళ్ళీ పట్టదు. సీలు వేసి షూలు మార్చాలి.

సర్దేటప్పుడు ముందు కేబుల్‌ను పూర్తిగా వదులు చేయాలి. మెర్సిడెస్, బీఎండబ్ల్యూల్లో ఒక చక్రం బోల్టు తీసి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి డిస్కును తిప్పుతూ పోతే పళ్ళచక్రం కనిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్‌తో పళ్ళు జరుపుతూ డిస్కు కదలకుండా అయ్యేదాకా బిగించి, తర్వాత రాపిడి లేకుండా తిరిగేదాకా వెనక్కి తిప్పాలి. ఎన్ని పళ్ళన్నది మీ మోడల్ పుస్తకం చెప్తుంది, రెండువైపులా ఒకే లెక్క ఉండాలి. ఆ తర్వాతే కేబుల్. పళ్ళచక్రం తిరగకపోతే బలవంతం చేయకండి, పళ్ళు చెరిగిపోతాయి. డిస్కు తీసి, దాన్ని బయటపెట్టి, తుప్పు వదిలించి, మరకు వేడిని తట్టుకునే గ్రీజు రాసి బిగించాలి.

లైనింగ్ 1.5 మి.మీ. కన్నా సన్నబడితే షూలు మార్చాలి. షూలతోపాటు స్ప్రింగులు, పట్టుకునే పిన్నులు కూడా కొత్తవి వేయండి. తుప్పు స్ప్రింగుతో కొత్త షూ వంకరగా కూర్చుంటుంది. డ్రమ్ము అంచున తుప్పు గట్టు కట్టి ఉంటే డిస్కు తీయడానికి ముందు పళ్ళచక్రాన్ని వదులు చేయాలి, లేకపోతే లాగినప్పుడు షూలు స్ప్రింగులతో సహా ఊడివస్తాయి. డిస్కు కొత్తది కొంటే బయటి వ్యాసమొక్కటే కాదు, లోపలి డ్రమ్ము వ్యాసం కూడా పాతదానితో సరిపోవాలి.

కొత్త షూలు మొదటిరోజే పూర్తిగా పట్టవు. వాటిని రుద్ది కూర్చోబెట్టాలి. ఖాళీ రోడ్డు మీద సుమారు 40 వేగంతో వెళ్తూ, లెవర్ బటన్ నొక్కిపట్టి బ్రేకు సన్నగా తగిలేదాకా లాగి, ఇంకో క్లిక్కు పైకి లాగి, 400 మీటర్లు నడపాలి. తర్వాత చల్లారనిచ్చి సర్దుబాటు మళ్ళీ చూసుకోవాలి. వెనక చక్రాలతో నడిచే కారులో తడి రోడ్డు మీద ఈ పని వద్దే వద్దు.

నా లెక్కలో ఈ రకం కార్లకు షూలు, స్ప్రింగులు, పళ్ళచక్రం శుభ్రం మూడూ ఒకేసారి చేయించడమే మేలు. విప్పే కూలి ఒకటే, ఒక్కొక్కటిగా చేయిస్తే మూడుసార్లు చెల్లిస్తారు.

ఎవరికి ఏది

మొదటి రకం కారు, చేతులు ఆపుకు వస్తున్నాయి, కేబుళ్ళు జారుడుగా ఉన్నాయి: సర్దుబాటు, ప్యాడ్ల శుభ్రం చాలు. చేతులు వస్తున్నాయి గానీ కేబుల్ గరగరమంటోంది: జత కేబుళ్ళు. కొత్త కాలిపర్ ఒక్కటి కొనే డబ్బుతో మామూలుగా జత కేబుళ్ళు, వెనక ప్యాడ్లు, ఫ్లూయిడ్ వచ్చేస్తాయి, అందుకే ఈ రెండింటి మధ్య తేడా ముందే తేల్చుకోవాలి. చేయి రావడం లేదు, కారు ఏడాదిలో అమ్మేస్తారు: కిట్టు వేసి బాగుచేయించండి. కొన్నవాళ్ళ ప్రాణం కూడా ప్రాణమే, నూనె పోసి అప్పగించవద్దు. చేయి రావడం లేదు, కారు ఉంచుకుంటారు: కొత్త కాలిపర్. అదే రోజు ఆ వైపు కేబుల్ లాగి చూడండి, బిగిసిన చేతిని ఏళ్ళ తరబడి లాగిన కేబుల్ సాగి ఉంటుంది.

15 ఏళ్ళు నిండి ఆర్‌సీ పునరుద్ధరణకు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం వెళ్ళే కార్లకు ఈ పనులన్నీ ముందే కావాలి. బ్రేకులు అక్కడ చూస్తారు. పరీక్ష ముందురోజు నట్టు బిగించి వెళ్ళడం వల్ల వెనక బ్రేకులు రాసుకుని వేడెక్కే ప్రమాదం కూడా తోడవుతుంది.

హైడ్రాలిక్ లైన్ లాక్ బిగించుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తుంటారు. బ్రేకు గొట్టంలో ఒత్తిడిని బంధించే ఆ పరికరం పార్కింగ్ బ్రేక్ కాదు. సీళ్ళ దగ్గర ఒత్తిడి మెల్లగా తగ్గుతుంది, గంట తర్వాత కారు కదలొచ్చు. పార్కింగ్ బ్రేక్‌ను పట్టి ఉంచేది ఎప్పుడూ ఇనుప భాగాలే కావాలి, ఫ్లూయిడ్ ఒత్తిడి కాదు.

పని అయ్యాక

యూరప్ నియమం ప్రకారం పార్కింగ్ బ్రేక్ ఒక్కటే నిండు బరువున్న కారును 20 శాతం వాలు మీద, అంటే ఐదు మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే చోట, ఎటు తిప్పి పెట్టినా ఆపాలి. చేతి బలం 400 న్యూటన్లు మించకూడదు. బేస్‌మెంట్ ర్యాంపు మామూలుగా ఇంత నిటారుగా ఉండదు, కాబట్టి అక్కడే జారే కారు బాగుకాలేదనే అర్థం. ముందుకు ఎక్కే దిశలోనూ, దిగే దిశలోనూ రెండుసార్లు చూడండి. కాలు బ్రేకు మీదే సిద్ధంగా ఉంచి, కారు వెనకా ముందూ మనుషులు లేకుండా చూసుకుని మాత్రమే.

ఘాట్ దిగి, డిస్కులు వేడిగా ఉన్నప్పుడు వాలులో ఆపే మొదటి రకం కార్లకు ఒక ప్రత్యేక జాగ్రత్త. వేడికి ఉబ్బిన డిస్కు చల్లారేటప్పుడు సన్నబడుతుంది, ప్యాడ్ పట్టు ఆ మేరకు తగ్గుతుంది. ఆపినప్పుడు కదలని కారు పది నిమిషాల తర్వాత ఎవరూ లేనప్పుడు కదలొచ్చు. లెవర్ ఒక క్లిక్కు ఎక్కువ లాగండి, గేరులో పెట్టండి, స్టీరింగ్‌ను గట్టు వైపు తిప్పి ఉంచండి.

వానాకాలంలో కారును వారాల తరబడి నిలిపి ఊరికి వెళ్ళేవాళ్ళు మాత్రం హ్యాండ్‌బ్రేక్ వేయకుండా వెళ్ళాలి. తడి షూలు డ్రమ్ముకీ, ప్యాడ్లు డిస్కుకీ తుప్పుతో అతుక్కుంటాయి. చదును మీద గేరులో పెట్టి, చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టండి. తిరిగొచ్చాక మొదటి కిలోమీటరు మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు తొక్కి, చదును మీద ఆపి, వెనక చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి. ఒకటి రెండోదానికన్నా వేడిగా ఉంటే ఆ వైపు బ్రేకు పూర్తిగా వదలడం లేదన్నమాట.